ఆదివారం పిల్లల ఫుట్‌బాల్ లీగ్‌కి రిఫరీలు దొరకడం లేదు. ఒక్కడినే విజిల్ పట్టుకుని నెట్టుకురావడం ఎలా?

హంటర్‌రోడ్ లెఫ్ట్‌బ్యాక్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

మాది హన్మకొండ. కాలేజీలో లెఫ్ట్‌బ్యాక్ ఆడేవాణ్ని, ఇప్పుడు ఎలక్ట్రికల్ షాపు. మా వాడు అండర్-12లో ఆడుతుంటే గ్రౌండ్‌కి తీసుకెళ్లడం మొదలుపెట్టి, చూస్తూ చూస్తూ లీగ్ నడిపేవాళ్లలో ఒకణ్ని అయిపోయాను. హన్మకొండ, ఫాతిమానగర్, కాజీపేట, మడికొండ, రంగశాయిపేట వైపు నుంచి టీములు వస్తాయి. అండర్-10, 12 వాళ్లకు సగం గ్రౌండ్‌లో సెవెన్స్ (టీముకు ఏడుగురు), అండర్-14కి నిండు గ్రౌండ్. ఎండాకాలం పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిలోపు సర్దేస్తాం. ఆ తర్వాత ఓరుగల్లు ఎండలో పిల్లల్ని ఆడించడం పాపం.

పిల్లలకు కొదవ లేదు, కోచ్‌లూ ఉన్నారు. లేనిది రిఫరీలే. మొన్నటిదాకా పరీక్ష పాసైన కుర్రాళ్లు ఇద్దరు వచ్చేవాళ్లు. ఒకతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. రెండో అతను స్కూల్ గేమ్స్ డ్యూటీలనీ, కాలేజీ మ్యాచ్‌లనీ మాకు దొరకడమే మానేశాడు. దాంతో "నువ్వు ఆడినోనివే కదనే" అని విజిల్ నా మెడలో వేశారు. లైన్ మీద నిలబడటానికి టీముకొకర్ని ఇమ్మంటే, ఖాళీగా కూర్చున్న తండ్రినో, సబ్‌స్టిట్యూట్ పిల్లాడినో పంపుతున్నారు.

పోయిన ఆదివారం అండర్-12 మ్యాచ్. రెండడుగుల దూరం నుంచి ఫార్వర్డ్ గట్టిగా కొట్టిన బంతి డిఫెండర్ మోచేతికి తగిలింది. పిల్లాడి చెయ్యి ఒంటికి అతుక్కునే ఉంది. నేను ఆడమన్నాను. అవతలి కోచ్ సరాసరి గ్రౌండ్‌లోకి వచ్చేశాడు, వెనకాలే ఇద్దరు తండ్రులు. "హ్యాండ్ అయితే కండ్లు కనవడ్తలేవా? పోయి షాపుల కూసోని బల్బులు అమ్ముకో." నన్ను అన్నదాన్ని ఎట్లాగో మింగేశాను. కానీ లైన్ మీద ఉన్న పిల్లాణ్ని, తొమ్మిదో తరగతి వాడు, జెండా ఎందుకు ఎత్తలేదని వాణ్నీ పట్టుకున్నారు. వాడు జెండా గీత మీద పడేసి, సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. నిన్న ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. "వద్దు సార్, మావాడు ఇంక రాడు" అంది.

అడగాల్సింది ఇదీ. ఒక్కడినే ఉన్నప్పుడు ఎక్కడ నిలబడాలి, ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చేటప్పుడు ఫార్వర్డ్ చివరి డిఫెండర్‌ని దాటి గోల్ వైపు ముందే ఉండటం) ఎట్లా చూడాలి? కోచ్‌లందరూ తెలిసినవాళ్లే, సగం మంది నాకన్నా పెద్దవాళ్లు. రోజూ అన్నా అని పిలిచే మనిషికి ఎల్లో కార్డు ఎట్లా చూపించాలి? జోక్ కాదు, నిజంగానే అడుగుతున్నా. ఇంకొకటి, కొత్త రిఫరీలను ఎక్కణ్నుంచి తేవాలి?


సెవెన్స్ బ్యాచ్

డబ్బులియ్యండి బ్రో, వాళ్లే వస్తారు. మ్యాచ్‌కి మూడొందలు చేతిలో పెట్టి, అందులోనే పెట్రోలు, అందులోనే టిఫిను అంటే ఎవరొస్తారు? పైగా తిట్లు ఫ్రీ. టెన్నిస్ బాల్ క్రికెట్‌లో అంపైరింగ్ చేసుకుంటే ఉరికే పని కూడా ఉండదు.


కాజీపేట పాత విజిల్

తమ్మీ లెఫ్ట్‌బ్యాక్, నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. ఈ జిల్లాలో స్కూల్ మ్యాచ్‌లు, ఇంటర్ కాలేజీలు, అటు బొగ్గుబాయిల వైపు టోర్నమెంట్లు, చాలాకాలం విజిల్ కొట్టాను. మోకాలు మొరాయించాక మానేశాను. అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా.

ముందు ఆ హ్యాండ్ సంగతి. నువ్వు చెప్పింది చెప్పినట్టే జరిగితే అది ఫౌల్ కాదు. చేతికి తగిలిన ప్రతి బంతికీ విజిల్ కొట్టాలని రూల్‌లో ఎక్కడా లేదు. కావాలని చెయ్యి బంతి మీదికి తీసుకుపోయాడా, లేదంటే చెయ్యి బయటికి చాపి ఒంటిని అసహజంగా వెడల్పు చేశాడా, చూడాల్సింది ఈ రెండే. ఒంటికి ఆనిన చేతిని రెండడుగుల్లో ఎవడు మాత్రం తప్పించగలడు? భుజం చెయ్యి కిందికి రాదు, చంక అడుగు నుంచి కిందిదే చెయ్యి. ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకో. గోల్ కొట్టినవాడి చేతికి తగిలి బంతి నేరుగా గోల్‌లోకి పోతే, పొరపాటున తగిలినా సరే, గోల్ ఇవ్వొద్దు. ఇదంతా పన్నెండో నియమంలో ఉంది. మొత్తం 17 నియమాలు. ఈ నియమాలు రాసే సంస్థ ఐఎఫ్ఏబీ, వాళ్ల యాప్ ఫోన్లో ఉచితంగా దిగుతుంది. కోచ్‌లలో ఎంతమంది దాన్ని తెరిచి చూశారో అడుగు ఒకసారి.

ఇంక నిలబడే చోటు. కొత్తగా విజిల్ పట్టినవాళ్లు గ్రౌండ్ నడిమధ్యలో బంతి వెనకాలే ఉరుకుతారు. పిల్లల కాళ్లకు అడ్డం పడతారు, గుంపు అవతల ఏం జరుగుతుందో కనిపించదు. ఒక పెనాల్టీ బాక్స్ మూల నుంచి ఎదురుగా ఉన్న బాక్స్ అవతలి మూల దాకా ఏటవాలుగా ఒక గీత ఉందనుకో, దాని మీద తిరుగు. ఆట నీకూ లైన్‌మన్‌కీ మధ్యలో ఉంటుంది. నీ లైన్‌మన్ నమ్మదగినవాడు కానప్పుడు ఇంకొంచెం పక్కకు జరుగు, చివరి డిఫెండర్‌ని పక్క నుంచి చూడగలిగేటంత. బంతికి దూరమైపోతున్నా అనిపిస్తుంది. ఫరవాలేదు. పిల్లల మ్యాచ్‌లో గొడవంతా ఆఫ్‌సైడ్ దగ్గరా బాక్స్‌లోపలా వస్తుంది, సెంటర్ సర్కిల్‌లో కాదు. కార్నర్ అప్పుడు బాక్స్ అంచున, గోల్ లైన్ కనపడేటట్టు నిలబడు. బంతి మొత్తం గీత దాటితేనే గోల్, కొంచెం గీత మీద ఉన్నా కాదు. కీపర్ వెనక్కి పడితే ఆ తేడా తెలిసేది ఆ మూల నుంచే.

టీములు ఇచ్చిన లైన్‌మన్‌లకు ఒక్క పనే చెప్పు: బంతి పూర్తిగా బయటికి పోతే జెండా ఎత్తాలి. త్రో ఎవరిదో నువ్వు చెప్పు. ఆఫ్‌సైడ్ నువ్వు చూడు. మొదట్లోనే ఇద్దరు కోచ్‌ల ముందు ఈ మాట అనేస్తే, ఆ జెండా ఎత్తే మనిషి మీద భారం పోతుంది. "మనోడే కదా, ఎత్తలేదేంది" అనే మాటే రాదు. ఇంగ్లండ్‌లో మొదట్లో టీముకొక అంపైర్ ఉండేవాడు, ఇద్దరికీ పడకపోతే బయట నిలబడ్డ రిఫరీని అడిగేవాళ్లు. సొంత టీము అంపైర్ ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు కదా. 1891లో రిఫరీని గ్రౌండ్‌లోపలికి తెచ్చి, ఆ ఇద్దర్నీ గీత మీదికి పంపారు. వాళ్లు వదిలించుకున్న తలనొప్పిని మనం తండ్రుల చేతికి జెండా ఇచ్చి మళ్లీ తెచ్చుకోవడమెందుకు?

అన్నకు కార్డు ఎట్లా చూపించాలి అని అడిగావు. నేను చేసింది చెప్తా. టాస్‌కి ముందే ఇద్దరు కోచ్‌లనూ పిలిచి, నవ్వుతూనే, "ఈ నలభై నిమిషాలు నేను మీ తమ్ముణ్ని కాను, తర్వాత చాయ్ నేనే పోయిస్తా" అనేవాణ్ని. మ్యాచ్‌లో పేరు పెట్టి పిలవను, వరస పెట్టి పిలవను, "కోచ్" అంటాను. మొదటిసారి అరిస్తే ఆట ఆగినప్పుడు దగ్గరికి పోయి, ఆయనకొక్కడికే వినపడేటట్టు మెల్లగా చెప్పు. రెండోసారి అందరికీ కనపడేటట్టు చెప్పు. మూడోసారి కార్డు తియ్యి. 2019 నుంచి కోచ్‌లకు కూడా ఎల్లో, రెడ్ కార్డులు చూపించవచ్చని రూల్‌లోనే ఉంది. అంతకుముందు మాకు నోటితో బతిమాలుకోవడమే. బెంచీ నుంచి ఎవరు తిట్టారో తెలియకపోతే అక్కడున్న సీనియర్ కోచ్‌కే కార్డు, అదీ రూలే. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి చూడు, హెడ్ కోచే తనవాళ్ల నోళ్లు మూయిస్తాడు.

ఎవరైనా లోపలికి వస్తే వాదనకు దిగొద్దు. విజిల్ కొట్టు, బంతి చంకలో పెట్టుకో, గుంపుకి దూరంగా పోయి నిలబడు. వాళ్లు గీత బయటికి పోయేదాకా ఆట మొదలుపెట్టకు. గార్డు పచ్చజెండా ఊపనిదే బండి కదలదు. రెండు నిమిషాలు ఆగితే చాలు, మిగతా తల్లిదండ్రులే "మా పిల్లల టైం పోతుంది, బయటికి రావయ్యా" అని ఆయన మీద పడతారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

సెవెన్స్ బ్యాచ్ తమ్ముడు డబ్బు అన్నాడు. నిజమే, కానీ సగమే నిజం. తక్కువిచ్చారని మానేసినవాళ్లు నాకు తెలిసి తక్కువ. మానేసేది ఆ పిల్లాడి మాదిరిగా. మొదటి సీజన్‌లోనే, ఒక్కడే ఉన్నప్పుడు, పక్కన అడ్డం నిలబడే పెద్దమనిషి లేక. డబ్బు ఎంతిచ్చినా కిక్కాఫ్‌కి ముందే చేతిలో పెట్టండి. మ్యాచ్ అయ్యాక ఇస్తామంటే, ఓడిపోయిన టీము వాటా వసూలు చేసేదాకా రిఫరీ చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ నిలబడటం ఎంత చిన్నతనంగా ఉంటుందో నిలబడ్డవాడికే తెలుసు.

ఆ పిల్లాడికి ఫోన్ చెయ్యకు, ఇంటికి పో. ఒక్కడివే పోకు, తిట్టిన కోచ్‌ని వెంట తీసుకుపో. ఆయన రానంటే వచ్చే ఆదివారం ఆయన టీముకు రిఫరీ లేడని చెప్పు. రిఫరీ లేకుండా మ్యాచ్ ఎట్లా ఆడిస్తాడో చూద్దాం.


జనగామ పీఈటీ

పాత విజిల్ సార్ చెప్పినవాటితో ఒప్పుకుంటూనే ఒకటి కలుపుతున్నా. కొత్త రిఫరీలు ఎక్కడి నుంచి వస్తారని అడిగారు కదా, మీ గ్రౌండ్‌లోనే ఉన్నారు. సగం మందిని మీరు చూడటం లేదు. మీ పోస్టులో ఒక్క అమ్మాయి కూడా లేదు.

నేను గురుకులంలో పీఈటీని. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి ఇండియాకు ఆడిన గుగులోత్ సౌమ్య పేరు మా పిల్లలందరికీ తెలుసు. అందరూ సౌమ్య అవుతామంటారు, రిఫరీ అవుతానని ఒక్కరూ అనరు. అనకపోతే మనమే విజిల్ చేతిలో పెట్టాలి. తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలతో ఐదారు తరగతుల వాళ్ల మ్యాచ్‌లు ఆడిస్తాను. మొదటి మ్యాచ్‌లో త్రోలు, గోల్ కిక్‌లు, కార్నర్లు మాత్రమే వాళ్లు చూడాలి, ఫౌల్స్ నేను చూస్తా. త్రో వేసేటప్పుడు రెండు కాళ్లూ నేల మీద ఉన్నాయా, బంతి తల వెనక నుంచి తల మీదుగా వచ్చిందా, ఇవి చూడటం అలవాటైతే కళ్లు పిల్లల కాళ్ల మీదికి వాటంతట అవే పోతాయి. తర్వాత ఫౌల్స్. ఆఫ్‌సైడ్ అన్నిటికన్నా చివర.

మొదటిసారి విజిల్ పట్టుకున్నప్పుడు ప్రతి అమ్మాయీ ఒకేలా చేస్తుంది. మెల్లగా ఊదుతుంది, అది బయటికి వినపడదు, ఆట ఆగదు, నావైపు చూస్తుంది. అందుకే మ్యాచ్‌కి ముందు గ్రౌండ్ ఆ చివర నిలబెట్టి, నాకు వినపడేదాకా ఊదిస్తాను. మామూలు ఫౌల్‌కి చిన్నగా, పెనాల్టీకి గట్టిగా, గొడవ మొదలయ్యేటట్టుంటే ఇంకా గట్టిగా. విజిల్‌లోనే సగం మాట చెప్పేయొచ్చు. ఊదాక చెయ్యి ఎటు చూపించాలో తడబడితే కోచ్‌లు మీద పడతారు. కాబట్టి ఊదడం, ఆగడం, చెయ్యి చూపించడం, ఈ వరసని అద్దం ముందు కూడా చేయిస్తాను. నవ్వుతారు, చేస్తారు.

లెఫ్ట్‌బ్యాక్ గారూ, మైనర్ పిల్లలని లైన్ మీద పెడితే పక్కన ఒక పెద్ద మనిషి తప్పకుండా ఉండాలి. వాళ్లతో ఎవరైనా మాట్లాడాలంటే ఆ పెద్ద మనిషితోనే మాట్లాడాలి. మీ లీగ్‌లో ఇది రూల్‌గా రాసుకోండి. ఇంగ్లండ్‌లో కూడా రిఫరీల మీద దాడులకి విసిగిపోయి, 2023లో కింది స్థాయి లీగుల రిఫరీలకు ఛాతీ మీద కెమెరాలు పెట్టి చూశారు. మనకు కెమెరాలు అక్కర్లేదు, గీత దగ్గర ఒక పీఈటీ నిలబడితే చాలు.

ఇంకో మాట. వయసు గొడవలు రిఫరీ మీదికి రానివ్వకండి. "ఆ పిల్లాడికి మీసాలొచ్చాయి, వీడు అండర్-14 ఏంది" అని హాఫ్ టైంలో రిఫరీని పట్టుకుంటారు. ఆధార్, స్కూల్ బోనఫైడ్ చూసుకోవాల్సింది నిర్వాహకులు, అదీ సీజన్ మొదలయ్యే ముందు. రిఫరీ చేతికి టీము లిస్టు మాత్రమే రావాలి.

ఎల్లో, రెడ్ కార్డుల ఆలోచన వచ్చింది కూడా కెన్ ఆస్టన్ అనే బడి మాస్టారికే. ట్రాఫిక్ లైట్లు చూసి తట్టిందట. 1970 వరల్డ్ కప్‌లో మొదలుపెట్టారు. హైదరాబాద్ రహీం సార్ కూడా టీచరే కదా, 1951లో, 1962లో ఇండియా ఫుట్‌బాల్ టీముకు ఏషియన్ గేమ్స్ గోల్డ్ ఆయన కోచింగ్‌లోనే వచ్చింది. ఇంత చెప్పుకుని మా పీఈటీల ఆదివారాలు కూడా మీరే లాక్కుంటారేమోనని భయంగా ఉంది.


గోదావరిఖని గోలీ

పాత విజిల్ కాకా, దండాలు. బొగ్గుబాయిల టోర్నమెంట్లంటే మా దిక్కువే, మిమ్మల్ని చూసే ఉంటా.

ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. అండర్-10 సెవెన్స్‌కి ఆఫ్‌సైడ్ ఎందుకు? ఫుట్సాల్‌లో (టీముకు ఐదుగురితో ఆడే ఇండోర్ ఫుట్‌బాల్) అసలు ఆఫ్‌సైడే లేదు, ఆట ఆగిపోయిందా? ఆఫ్‌సైడ్ తీసేస్తే ఒక్క రిఫరీ చాలు, లైన్‌మన్ అక్కర్లేదు, గొడవలు సగం పోతాయి. రిఫరీలు లేనప్పుడు రూల్స్ తగ్గించుకోవాలి గానీ, లేని మనుషుల్ని ఎక్కణ్నుంచి తెస్తారు? పిల్లల ఫుట్‌బాల్‌కి గ్రౌండ్ సైజు, బంతి సైజు, టైం, సబ్‌స్టిట్యూట్లు మళ్లీ మళ్లీ లోపలికి రావడం, ఇవన్నీ మార్చుకునే వీలు రూల్ బుక్కే ఇచ్చింది.

కీపర్‌ని కాబట్టి ఇంకొకటి. 2025 నుంచి కీపర్ బంతిని ఎనిమిది సెకన్ల కన్నా ఎక్కువ చేతిలో పట్టుకుంటే అవతలి టీముకు కార్నర్. చివరి ఐదు సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్క చూపించాలి. పిల్లలకు ఇది ముందే చెప్పండి. టీవీలో చూసినవాడు లెక్కపెడతాడు, చూడనివాడు ఏడుస్తాడు.

గోల్ పోస్టులు తీసి పెట్టేవైతే మ్యాచ్‌కి ముందు రిఫరీ చేత్తో ఊపి చూడాలి. వెనక బార్ మీద ఇసుక బస్తాలు లేకపోతే ఆట మొదలుపెట్టొద్దు. పిల్లలు క్రాస్‌బార్‌కి వేలాడతారు, పోస్టు మీద పడితే ప్రాణాలకే ముప్పు. కోచ్ అరుపులకన్నా నాకు దీని టెన్షనే ఎక్కువ.


కాజీపేట పాత విజిల్

గోలీ బాబూ, అండర్-10కి తీసేయండి, నాకూ ఇష్టమే. అండర్-14కి మాత్రం తీయొద్దు. జిల్లా సెలెక్షన్స్‌కి పోయినప్పుడు ఆ పిల్లలు డిఫెండర్ వెనకాల నిలబడి బంతి కోసం చూస్తుంటారు, జెండా లేస్తే బిత్తరపోతారు. ఆఫ్‌సైడ్ అనగానే భయపడతారు గానీ, దాంట్లో కష్టమైంది ఒక్కటే: పాస్ ఇచ్చిన క్షణంలో చూడాలి, బంతి అందిన క్షణంలో కాదు. చివరి డిఫెండర్‌తో సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు. సొంత సగంలో ఉంటే కాదు. త్రో నుంచి, గోల్ కిక్ నుంచి, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి లేదు. చేతులు లెక్కలోకి రావు. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే గ్రౌండ్ బయట అరిచేవాళ్లలో చాలామంది కన్నా నీకు ఎక్కువ తెలిసినట్టే.

పోస్టుల గురించి చెప్పింది బంగారం లాంటి మాట. తల దెబ్బ గురించి కూడా రాయాల్సింది. ఇద్దరు పిల్లలు తలలు గుద్దుకుంటే వెంటనే విజిల్ కొట్టాలి, బంతి ఎక్కడున్నా సరే. కళ్లు తిరుగుతున్నాయన్నా, అడిగిందానికి తికమకగా జవాబిచ్చినా ఆ రోజుకు ఆ పిల్లాడు మళ్లీ దిగొద్దు. కోచ్ "ఏం కాలేదు, నీళ్లు కొట్టండి" అంటాడు. కోచ్‌కి మ్యాచ్ ఉంది, నీకు లేదు.

పరీక్ష గురించి అడగలేదు గానీ చెప్తా. జిల్లా అసోసియేషన్ ద్వారా రాష్ట్ర అసోసియేషన్ పరీక్షకు పోవాలి. రూల్స్ మీద రాత పరీక్ష, ఆపై పరుగు. రాతలో ఫెయిలయ్యేది ఎక్కువగా బాగా ఆడినవాళ్లే. నాకు అన్నీ తెలుసనుకుని పుస్తకం తెరవరు. బీపీఈడీ (పీఈటీ కోర్సు) చదివే పిల్లలనూ, అండర్-19 అయిపోయి టీములో చోటు దొరకని వాళ్లనూ అడుగు. కాళ్లలో దమ్ముంటుంది, ఆట మీద ప్రేమ ఇంకా పోయుండదు. వాళ్లను మొదటి నెల అండర్-10 మ్యాచ్‌లకే వాడుకో. సీనియర్ లేకుండా ఫైనల్ ఇవ్వకు. మన దగ్గర ఎవరు దొరికితే వాళ్లను ఫైనల్లోకి తోస్తారు, తర్వాత మనిషి కనపడట్లేదని వెతుకుతారు.


హంటర్‌రోడ్ లెఫ్ట్‌బ్యాక్

అందరికీ థాంక్స్. మేడం, మీరు అన్నది నిజమే, మా లీగ్‌లో అమ్మాయిల టీములు రెండు ఉన్నాయి, వాళ్లలో పెద్దవాళ్లను అడగాలని నాకు తట్టనే లేదు. బుధవారం ఇద్దరితో మాట్లాడాను. ఒకమ్మాయి వెంటనే సరే అంది. రెండో అమ్మాయి "కార్డులు కూడా నా దగ్గరే ఉంటాయా అంకుల్" అని అడిగింది. ఉంటాయన్నాను.

ఆ కోచ్‌తో పిల్లాడి ఇంటికి వెళ్లొచ్చాం. ముందు రానన్నాడు, పాత విజిల్ సార్ చెప్పిన మాటే అన్నాను, వచ్చాడు. సారీ అని నోరు తెరిచి అనలేదు గానీ, వాళ్లమ్మతో "నా కొడుకు అసొంటోడే కదమ్మా" అన్నాడు. పిల్లాడు లోపలి గదిలోంచి రాలేదు. మేం లేచేటప్పుడు మాత్రం వచ్చి, లైన్ మీద అయితే వద్దు, స్కోరు రాస్తానన్నాడు. సరే, అదే రాయమన్నాను.

కోచ్‌ల గ్రూపులో పెట్టడానికి ఇది రాశాను, తప్పులుంటే చెప్పండి:

"కోచ్‌లకు, తల్లిదండ్రులకు మనవి. ఈ ఆదివారం నుంచి రిఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి. లైన్ మీద ఉన్నవాళ్లు బంతి బయటికి పోయిందో లేదో చూస్తారు, మిగతాదంతా రిఫరీదే. అండర్-10కి ఆఫ్‌సైడ్ లేదు. రిఫరీని తిడితే ఆటగాడు పది నిమిషాలు బయట కూర్చోవాలి, కోచ్‌కి కార్డు. ఎవరైనా గ్రౌండ్‌లోకి వస్తే వాళ్లు బయటికి పోయేదాకా ఆట ఆగుతుంది, ఆ టైం మళ్లీ కలపబడదు. వయసు మీద అభ్యంతరాలు శుక్రవారంలోపు నిర్వాహకులకు చెప్పాలి, గ్రౌండ్‌లో వినం. పద్దెనిమిది ఏళ్లలోపు రిఫరీలతో, లైన్ మీద పిల్లలతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు."


గోదావరిఖని గోలీ

బాగుంది. నీళ్ల బ్రేక్ కూడా రాయండి. ఒక్క నిమిషం డ్రింక్స్ బ్రేక్, ఎండ ఎక్కువైతే ఒకటిన్నర నుంచి మూడు నిమిషాల దాకా కూలింగ్ బ్రేక్, రెండూ రూల్ బుక్‌లో ఉన్నవే. లేకపోతే టైం వేస్ట్ చేస్తున్నావని దానికీ రిఫరీనే అంటారు.

మే నెలలో నాకు రెండు ఆదివారాలు ఖాళీ. ఆరింటికి మ్యాచ్ అంటే నేను శనివారం రాత్రే బస్సెక్కాలి. పడుకోవడానికి చోటు చూపిస్తే వస్తా, డబ్బులొద్దు.


జనగామ పీఈటీ

పది నిమిషాలు ఎక్కువండీ. ఇంగ్లండ్ కింది స్థాయి ఫుట్‌బాల్‌లో 2019-20 నుంచి ఎదురు మాట్లాడితే పది నిమిషాలు బయటికి పంపుతున్నారు, కానీ అది 90 నిమిషాల మ్యాచ్‌కి. రూల్ బుక్ చెప్పేది మొత్తం టైంలో పది నుంచి పదిహేను శాతం. మీ అండర్-12 మ్యాచ్ నలభై నిమిషాలైతే నాలుగు నుంచి ఆరు నిమిషాలు. ఐదు అని రాయండి, గుర్తుంటుంది. ఇంకోటి, ఎదురు మాట్లాడితేనే ఈ ఐదు నిమిషాలు. బూతులు తిడితే అది రెడ్ కార్డు, బయట కూర్చోబెట్టి మళ్లీ పిలవడం ఉండదు. మీరు రెండూ ఒకే వాక్యంలో కలిపేశారు, విడదీయండి. ఇట్లా బయట కూర్చోబెట్టడం టోర్నీ నియమాల్లో ముందే రాసి, జిల్లా అసోసియేషన్‌కి ఒక మాట చెప్పి పెట్టుకోవాలి, మధ్యలో మొదలుపెడితే చెల్లదంటారు.


కాజీపేట పాత విజిల్

కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలన్నావు. మీ కెప్టెన్ కీపర్ అయితే అక్కణ్నుంచి ఉరికి రాలేడు, ఇంకొకడి పేరు టాస్ అప్పుడే చెప్పించుకో.

గోలీ డబ్బులొద్దంటే ఊరుకోకు. బస్సు ఛార్జీ, రెండు పూటల తిండి, మ్యాచ్ ఫీజు, అందరికీ ఎంతో అతనికీ అంతే. ఒకరు ఊరికే చేస్తే రేపు వచ్చే కుర్రాడిని కూడా ఊరికే చెయ్యమంటారు. నీ మెసేజ్‌లో రిఫరీ ఫీజు మాటే లేదు. ఎంతో, ఎవరు ఇస్తారో, కిక్కాఫ్‌కి ముందు అని, పై వరసలో రాసి మళ్లీ పెట్టు.